కప్పిపుచ్చే పని

అక్టోబరు ఆఖరి వారం. థండర్ బేలో
సరస్సు మీంచి వచ్చే గాలికి అప్పుడే పళ్ళొచ్చాయి.
నిచ్చెన, రెండు బకెట్లు, ఒక తాపీ,
మోచేతుల దాకా రబ్బరు తొడుగులు.
గ్రాంథమ్‌వి అద్దె ఇళ్ళు పదకొండు,
నావి చేతులు రెండు.

చూరు పట్టుకు వేలాడే బతుకంటారే,
ముప్ఫై ఏళ్ళుగా నాది అక్షరాలా అదే.
గట్టర్లో చెయ్యి పెడితే
వేసవంతా వేళ్ళకు తగులుతుంది:
కుళ్ళిన మేపుల్ ఆకుల నల్లటి ముద్ద,
రెక్కగింజలు మొలిచి వేలెడెత్తు అడవి,
టెన్నిస్ బంతి, బొమ్మకారు చక్రం,
ఓసారి ఎవరో కిటికీలోంచి విసిరిన ఉంగరం.
(ఇచ్చేద్దామని తలుపు కొట్టాను.
నాది కాదంది ఆమె, దానికేసి చూడకుండానే.)

బకెట్టుతో నీళ్ళు పోసి చూస్తాను.
గొట్టం గుటకలేస్తూ తాగి
కింద గులకరాళ్ళ మీద కక్కితే సరే.
గొంతుకు అడ్డం పడిందా,
జనవరిలో ఆ నీరే గడ్డకట్టి
గట్టర్ని మేకులతో సహా పీక్కుని కూలుతుంది.
ఈ ఊళ్ళో నీటికి దారివ్వకపోతే
రాయై తిరిగొస్తుంది.

అద్దెకున్నవాళ్ళు పైకి చూడరు, ఇల్లు తమది కాదని.
సొంతదారు చూడడు, తనుండేది అక్కడ కాదని.
మధ్యలో కప్పు ఎవరిదంటే
వానది, మంచుది, కొంచెం నాది.

సరే, సీడర్ వీధి, పదిహేడో నంబరు.
నిరుడు ఫిబ్రవరిలో వీధి వీధంతా తెలుపు.
ఈ ఒక్క కప్పు మీద, పొగగొట్టానికి ఎడంగా,
చాపంత మేర పెంకులు నల్లగా తేలాయి.
అక్కడ కరిగిన మంచు చూరు దగ్గర మళ్ళీ బిగిసి
కట్ట కట్టింది. వెనక నిలిచిన నీరు పెంకుల కింద దూరింది.
వంటింటి గోడ మీద టీ రంగు మరక.

గోడలకు చెవులుంటాయంటారు.
కప్పుకు నోరుంటుంది.
లోపల ఎక్కడ వెచ్చగా ఉందో
వీధికంతా చెప్పేస్తుంది.

"అటకలో గాజుదూది చెదిరుంటుంది, చూడు తార్మో"
అన్నాడు గ్రాంథమ్.

చెదరలేదు. ఎవరో జాగ్రత్తగా తీసి
ఓ పక్కన మడతపెట్టారు. ఆ ఖాళీలో
సన్నటి పరుపు, కరెంటు హీటరు,
లైబ్రరీ ముద్రున్న లెక్కల పుస్తకం,
దూలానికి కొట్టిన మేకుకి స్కేట్ల జత.
పదకొండో సైజు.
కింద ఉండే ఓడీల్ పాదం నా అరచేయంత.
ఆమె కూతురికి ఆరేళ్ళు.
ఒప్పందంలో ఆ రెండు పేర్లే.

మెట్ల చప్పుడు. అటక నోట్లోంచి
ఓడీల్ తల ఒక్కటే పైకి లేచింది.
చెంప మీద గోధుమపిండి.
"మంచు పోయేదాకానే" అంది, చాలాసేపటికి.
ఎవరని నేనడగలేదు. ఆమె చెప్పలేదు.
హీటరు తీగ పట్టి చూశాను. సగం మాడి ఉంది.
"ఇది మాత్రం వద్దు" అన్నాను.

వ్యాన్లోంచి నాలుగు చుట్టలు మోసుకొచ్చి
పరుపుకి పైన, కప్పు వాలు వెంబడి
గాజుదూది బిగించి పలకలు కొట్టాను,
చూరు దగ్గర గాలాడే సందు వదిలి.
కింది గది వేడి ఎక్కేలా తలుపుకో జాలీ.
పొగ గంట ఒకటి, నా డబ్బుతో.
కప్పు చేసే పనే చేశాను. కప్పాను.

సాయంత్రం కాగితం నింపాను:
పెంకులు, ఆరు మార్చాను. గట్టర్లు, శుభ్రం.
అటక, దూది లోపం, సరిచేశాను.
ఎలుకలు, లేవు.
సంతకం దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
చలికి సిరా బిగిసిందనుకుందాం.

నవంబరు తొమ్మిదిన మొదటి మంచు.
పనేమీ లేకపోయినా బండి అటు పోనిచ్చాను.
పదిహేడో నంబరు కప్పు
అటూ ఇటూ ఉన్నవాటిలాగే తెల్లగా,
నోరు మూసుకుని ఉంది.
గట్టర్ అంచున అప్పుడే ఎర్రగా ఏదో, బంతిలా ఉంది.
వసంతంలో తీస్తాను.